మొక్కజొన్న, జొన్న పంటలనాశించే ఫ్యుజేరియం శిలీంధ్రాల జన్యు వైవిధ్యం – విషోత్పత్తి సామర్థ్యంతో దాని సంబంధం

సారాంశం

మొక్కజొన్న, జొన్న గింజలపై తెలుపు లేదా గులాబీ రంగు బూజుగా కనిపించే ఫ్యుజేరియం శిలీంధ్రాలలో అనేక జాతులు ఉన్నవి. బాహ్య లక్షణాలలో ఇవి దాదాపు ఒకే విధంగా ఉన్నప్పటికీ, అవి ఉత్పత్తి చేసే విషాల రకంలోనూ, పరిమాణంలోనూ గణనీయమైన భేదం ఉన్నది. జాతుల మధ్య, ఒకే జాతికి చెందిన స్ట్రెయిన్ల మధ్య గల జన్యు వైవిధ్యమే ఈ భేదానికి మూలం. ఫ్యుజేరియం జాతుల వర్గీకరణలో వచ్చిన మార్పులు, ఫ్యుమోనిసిన్ ఉత్పత్తికి కారణమైన జన్యు సముదాయం, శిలీంధ్ర జనాభాలలో వైవిధ్యం ఏర్పడే తీరు, దానిని కొలిచే పద్ధతులు ఈ వ్యాసంలో సమీక్షించబడినవి. తెగులు తీవ్రతను బట్టి గింజలోని విషాన్ని అంచనా వేయడం సరికాదని, శిలీంధ్ర జాతి నిర్ధారణ, విషజన్యువుల గుర్తింపు, గింజలో విషం కొలత అనే మూడింటినీ కలిపి చూడవలసి ఉన్నదని ఈ సమీక్ష తెలుపుతున్నది.

కీలక పదాలు: ఫ్యుజేరియం, ఫ్యుమోనిసిన్, మొనిలిఫార్మిన్, జన్యు సముదాయం, గింజ బూజు తెగులు, కంకి కుళ్ళు తెగులు

ఉపోద్ఘాతం

1995లో దక్కను పీఠభూమిలోని 27 గ్రామాలలో వానకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మొక్కజొన్నలతో చేసిన రొట్టెలు తిన్నవారిలో కడుపునొప్పి, కడుపులో గడబిడ, విరేచనాలు కనిపించినవి. ఆ గింజలు తినడం మానగానే లక్షణాలు తగ్గినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బాధిత కుటుంబాల నుండి సేకరించిన నమూనాలను పరీక్షించి ఫ్యుమోనిసిన్ బి1 అనే శిలీంధ్ర విషాన్ని గుర్తించారు. దాని పరిమాణం జొన్నలో కిలోకు 0.14 నుండి 7.8 మిల్లీగ్రాముల వరకు, మొక్కజొన్నలో 0.25 నుండి 64.7 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 1997లో ప్రచురితమైన వారి అధ్యయనం తెలిపినది. ముడి మొక్కజొన్న గింజలో ఫ్యుమోనిసిన్ బి1, బి2 కలిపి కిలోకు 4 మిల్లీగ్రాములకు మించరాదని కోడెక్స్ అలిమెంటేరియస్ సంస్థ 2014లో పరిమితి విధించినది. దక్కను నమూనాలలోని గరిష్ఠ పరిమాణం ఈ పరిమితికి 16 రెట్లు.

ఈ సంఖ్యలలో గమనించదగిన మరొక అంశం వాటి మధ్య గల అంతరం. నమూనాలన్నీ ఒకే ప్రాంతానికి, ఒకే వర్షాకాలానికి చెందినవి. అన్నీ బూజుపట్టిన గింజలే. అయినప్పటికీ మొక్కజొన్న నమూనాల కనిష్ఠ, గరిష్ఠ పరిమాణాల మధ్య 250 రెట్లకు పైగా తేడా ఉన్నది. తేమ, ఉష్ణోగ్రత, నిల్వ పరిస్థితులు ఈ తేడాకు కొంతవరకు కారణం కావచ్చును. అయితే గింజపై పెరిగిన శిలీంధ్రం ఏ జాతికి చెందినది, దానిలో విషాన్ని తయారుచేసే జన్యువులు ఉన్నవా, అవి పనిచేస్తున్నవా అనే ప్రశ్నలకు సమాధానం లేకుండా ఇటువంటి తేడాలను పూర్తిగా వివరించడం సాధ్యం కాదు.

ఈ ప్రశ్నలు ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైనవి కావు. కోత సమయంలో వర్షం కురిసినప్పుడు రంగుమారిన గింజకు మార్కెట్టులో ధర పలకదు. అటువంటి గింజ రైతు ఇంటి రొట్టెకో, గటకకో, పశువుల దాణాకో, కోళ్ళ మేతకో చేరే అవకాశం ఎక్కువ. దానిని వాడవచ్చునా, వాడరాదా అని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త చెప్పే సమాధానానికి శాస్త్రీయ ఆధారం ఉండవలెను. గింజ రంగు ఒక్కటే ఆ ఆధారం కాజాలదు.

ఒకే పేరు వెనుక అనేక జాతులు

మొక్కజొన్న, జొన్న, వరి, చెరకు పంటలనాశించే శిలీంధ్రాలను చాలాకాలం పాటు ఫ్యుజేరియం మొనిలిఫార్మే అనే ఒకే పేరుతో వ్యవహరించారు. 1904లో మొక్కజొన్న నుండి వర్ణించబడిన ఈ జాతికి, సూక్ష్మ సిద్ధబీజాలు పూసల దండవలె గొలుసుగా ఏర్పడటం ప్రధాన లక్షణం. ఈ లక్షణం కనిపించిన ప్రతి శిలీంధ్రానికీ అదే పేరు పెట్టడం వలన, వేర్వేరు జాతులపై జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకే పేరు కింద కలగలిసిపోయినవి.

దీని పర్యవసానాలకు రెండు ఉదాహరణలు చాలును. 1973లో గుర్తించబడిన ఒక విషానికి, శిలీంధ్రం పేరును బట్టి మొనిలిఫార్మిన్ అని పేరు పెట్టారు. నేటి వర్గీకరణ ప్రకారం మొక్కజొన్నపై ప్రధానంగా కనిపించే ఫ్యుజేరియం వెర్టిసిల్లియోయిడిస్ జాతి ఈ విషాన్ని అతి స్వల్పంగా మాత్రమే ఉత్పత్తి చేస్తుంది, లేదా అసలు చేయదు. జొన్నపై కనిపించే ఫ్యుజేరియం థాప్సినమ్ వంటి సమీప జాతులు దీనిని అధికంగా ఉత్పత్తి చేస్తవి. రెండవది జిబ్బరెల్లిన్ విషయం. వరి మొక్కలు అసాధారణంగా పొడవు పెరిగే బకానే తెగులుకు శిలీంధ్రం స్రవించే పదార్థమే కారణమని 1926లో కురోసావా నిరూపించాడు. ఈ పదార్థాన్ని తయారుచేసేది కూడా మొనిలిఫార్మే అనియే అనేక గ్రంథాలలో వ్రాయబడినది. నిజానికి అది ఫ్యుజేరియం ఫుజికురోయి అనే వేరొక జాతి.

ఈ గందరగోళం తొలగడానికి సంపర్క పరీక్షలు మొదటి ఆధారమైనవి. ఈ శిలీంధ్రాలలో లైంగిక సంయోగానికి రెండు సంపర్క రకాలు అవసరం. ఏ స్ట్రెయిన్లు పరస్పరం కలిసి సారవంతమైన సంతతిని ఇస్తవో పరీక్షించగా, అప్పటివరకు ఒకే జాతిగా భావించిన సముదాయం ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ మొదలైన సంపర్క జనాభాలుగా విడిపోయినది. వీటిలో ఎ జనాభా వెర్టిసిల్లియోయిడిస్ గాను, సి జనాభా ఫుజికురోయి గాను, డి జనాభా ప్రొలిఫెరేటమ్ గాను, ఎఫ్ జనాభా థాప్సినమ్ గాను గుర్తింపు పొందినవి. థాప్సినమ్ 1997లోను, జొన్నపై కనిపించే మరొక జాతియైన ఆండియాజి 2001లోను కొత్త జాతులుగా వర్ణించబడినవి. డి.ఎన్.ఎ. వరుసక్రమాల విశ్లేషణ ఈ విభజనను బలపరచినది. ఈ జాతులన్నిటినీ కలిపి నేడు ఫ్యుజేరియం ఫుజికురోయి జాతి సంకీర్ణమని వ్యవహరిస్తున్నారు.

కాబట్టి పాత పరిశోధనా పత్రాలలో మొనిలిఫార్మే అనే పేరు కనిపించినప్పుడు ఆ శిలీంధ్రాన్ని ఏ పంట నుండి వేరుచేశారు, అది ఏ విషాన్ని ఉత్పత్తి చేసినది అనే అంశాలను పరిశీలించిన తరువాతనే విద్యార్థులు ఆ ఫలితాలను నేటి జాతులకు అన్వయించవలెను.

పట్టిక 1. ప్రధాన జాతులు, వాటి విషోత్పత్తి ధోరణి

| జాతి | ప్రధాన ఆతిథేయి | ఫ్యుమోనిసిన్ | ఇతర ముఖ్య పదార్థాలు |
|---|---|---|---|
| ఫ్యు. వెర్టిసిల్లియోయిడిస్ | మొక్కజొన్న | సాధారణంగా అధికం | మొనిలిఫార్మిన్ అతి స్వల్పం లేదా లేదు |
| ఫ్యు. ప్రొలిఫెరేటమ్ | మొక్కజొన్న, జొన్న, ఇతర పంటలు | అధికం. స్ట్రెయిన్ల మధ్య తేడా ఎక్కువ | మొనిలిఫార్మిన్ |
| ఫ్యు. థాప్సినమ్ | జొన్న | అతి స్వల్పం లేదా లేదు | మొనిలిఫార్మిన్ అధికం |
| ఫ్యు. ఆండియాజి | జొన్న | అతి స్వల్పం లేదా లేదు | మొనిలిఫార్మిన్ అతి స్వల్పం లేదా లేదు |
| ఫ్యు. ఫుజికురోయి | వరి | స్ట్రెయిన్‌ను బట్టి మారుతుంది | జిబ్బరెల్లిన్లు |

ఫ్యుమోనిసిన్ ఉత్పత్తికి జన్యు ఆధారం

ఫ్యుమోనిసిన్లను 1988లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు మొదటిసారిగా వేరుచేశారు. అన్నవాహిక క్యాన్సర్ అధికంగా ఉన్న ట్రాన్స్‌కై ప్రాంతపు మొక్కజొన్న నుండి లభించిన స్ట్రెయిన్ ఈ పరిశోధనకు ఆధారమైనది. గుర్రాలలో మెదడులోని తెల్లని పదార్థం మెత్తబడి నశించే వ్యాధికి, పందులలో ఊపిరితిత్తులలో నీరు చేరే వ్యాధికి ఈ విషమే కారణమని తరువాత రుజువైనది. కణత్వచాలకు అవసరమైన స్ఫింగోలిపిడ్ల తయారీలో పాల్గొనే సెరమైడ్ సింథేజ్ అనే ఎంజైమును ఫ్యుమోనిసిన్ అడ్డుకొంటుంది. మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల 2బి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఫ్యుమోనిసిన్ బి1ను చేర్చినది.

ఈ విషం తయారీకి అవసరమైన జన్యువులు వెర్టిసిల్లియోయిడిస్‌లో ఒకే క్రోమోజోముపై పక్కపక్కనే సముదాయంగా అమరి ఉన్నవి. ఫ్యుమ్ జన్యు సముదాయమని పిలువబడే దీనిలో సుమారు 17 జన్యువులు ఉన్నవి. వీటిలో ఫ్యుమ్1 జన్యువు పాలీకీటైడ్ సింథేజ్ అనే ఎంజైమును తయారుచేసి విషపు అణువుకు మూలమైన కర్బన గొలుసును నిర్మిస్తుంది. ఫ్యుమ్8 ఆ గొలుసుకు అమైనో ఆమ్లాన్ని చేరుస్తుంది. ఫ్యుమ్2, ఫ్యుమ్3 జన్యువులు అణువులో నిర్ణీత స్థానాలలో హైడ్రాక్సిల్ సమూహాలను చేరుస్తవి. ఫ్యుమ్21 మిగిలిన జన్యువులన్నిటినీ నియంత్రిస్తుంది.

ఈ అమరిక తెలిసినచో స్ట్రెయిన్ల మధ్య కనిపించే తేడాలు సులభంగా అర్థమవుతవి. ఫ్యుమ్1 లోపించిన స్ట్రెయిన్ ఏ రకమైన ఫ్యుమోనిసిన్‌నూ తయారుచేయజాలదు. ఫ్యుమ్2 లోపించినది బి1కు బదులుగా బి2ను, ఫ్యుమ్3 లోపించినది బి3ను ఉత్పత్తి చేస్తుంది. అందువలన గింజలో బి1ను మాత్రమే కొలిచే పరీక్ష కొన్ని స్ట్రెయిన్ల విషోత్పత్తిని తక్కువగా చూపగలదు.

జన్యువు ఉన్నంత మాత్రాన విషం తయారుకాదన్నది గుర్తుంచుకొనవలసిన మరొక విషయం. నత్రజని తక్కువగా లభించే స్థితి, ఆమ్ల స్వభావం, గింజలో పిండిపదార్థం చేరే దశ ఈ జన్యువులను ఉత్తేజపరుస్తవి. పి.సి.ఆర్. పరీక్షలో ఫ్యుమ్1 జన్యువు కనిపించడం శిలీంధ్రానికి విషోత్పత్తి సామర్థ్యం ఉన్నదని మాత్రమే సూచిస్తుంది. ఆ గింజలో విషం ఎంత ఉన్నదో తెలియవలెనన్న రసాయన పరీక్ష చేయవలసినదే.

తెగులు తీవ్రత, విషం పరిమాణం: రెండు వేర్వేరు అంశాలు

ఒకే జాతిలోని వైవిధ్యానికి అరటి నుండి వేరుచేసిన వెర్టిసిల్లియోయిడిస్ స్ట్రెయిన్లు చక్కని ఉదాహరణ. జాతి పరంగా ఇవి మొక్కజొన్న స్ట్రెయిన్లకు భిన్నమైనవి కావు. వాటితో సంపర్కం కూడా జరుపగలవు. అయితే వీటిలో ఫ్యుమ్ జన్యు సముదాయం లోపించినది. ఇవి ఫ్యుమోనిసిన్‌ను ఉత్పత్తి చేయవు, మొక్కజొన్న నారును కూడా దెబ్బతీయవు. ప్రయోగశాలలో ఈ జన్యు సముదాయాన్ని వీటిలో ప్రవేశపెట్టినప్పుడు ఫ్యుమోనిసిన్ ఉత్పత్తితో పాటు నారుపై వ్యాధి కలిగించే శక్తి కూడా వచ్చినట్లు 2008లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. నారు దశలో విషమే శిలీంధ్రానికి ఆయుధమని దీనివలన స్పష్టమవుతున్నది.

కంకి దశలో స్థితి దీనికి భిన్నం. ఫ్యుమోనిసిన్ జన్యువులను తొలగించిన స్ట్రెయిన్లు కూడా పొలంలో మొక్కజొన్న కంకులపై పూర్తి తీవ్రతతో కుళ్ళు తెగులును కలిగించినట్లు క్షేత్ర ప్రయోగాలు చూపినవి. అంటే కంకి బాగా కుళ్ళినప్పటికీ అందులో ఫ్యుమోనిసిన్ లేకపోవచ్చును. దీనికి వ్యతిరేకమైన స్థితి మరింత ప్రమాదకరం. వెర్టిసిల్లియోయిడిస్ మొక్కజొన్నలో ఏ లక్షణాలూ చూపకుండా అంతర్గతంగా జీవించగలదు. విత్తనం ద్వారా మొక్కలోనికి, పీచు ద్వారా గింజలోనికి ప్రవేశించి, గింజ పైకి ఆరోగ్యంగా కనిపిస్తుండగానే లోపల విషాన్ని ఉత్పత్తి చేయగలదు. బూజు కనిపించని గింజ సురక్షితమని చెప్పుటకు ఆధారం లేకపోవడానికి ఇదే కారణం.

ప్రజననకారులకు కూడా ఈ అంశం ముఖ్యమైనది. కుళ్ళు తెగులును తట్టుకొనే సంకరాలను ఎన్నిక చేసినంత మాత్రాన విషం చేరికను తట్టుకొనే సంకరాలు లభించినవని భావించరాదు. తెగులు స్కోరుతో పాటు గింజలోని విషాన్ని కూడా కొలిచి ఎన్నిక చేయవలసి ఉన్నది.

జొన్నలో గింజ బూజు తెగులు: జాతుల మిశ్రమం

జొన్నలో గింజ బూజు తెగులు ఏ ఒక్క శిలీంధ్రం వలన కలిగేది కాదు. పూత నుండి గింజ పక్వమయ్యే వరకు వర్షాలు, గాలిలో తేమ ఉన్నచో ఫ్యుజేరియం జాతులతో పాటు కర్వులేరియా లునేటా, ఆల్టర్నేరియా మొదలైనవి కూడా గింజనాశిస్తవి. వానాకాలపు జొన్న ఈ తెగులుకు ఎక్కువగా గురికాగా, పొడి వాతావరణంలో పక్వమయ్యే యాసంగి జొన్న సాధారణంగా తప్పించుకొంటుంది.

భారతదేశంలో బూజుపట్టిన జొన్న నుండి ప్రొలిఫెరేటమ్, థాప్సినమ్, ఆండియాజి, సక్కారి మొదలైన ఫ్యుజేరియం జాతులు గుర్తించబడినవి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధనలు ఇందులో ప్రముఖమైనవి. థాప్సినమ్ జొన్న గింజను తీవ్రంగా దెబ్బతీసే జాతులలో ఒకటి. అయినప్పటికీ దాని ఫ్యుమోనిసిన్ ఉత్పత్తి అతి స్వల్పం. ప్రొలిఫెరేటమ్ జాతిలోని కొన్ని స్ట్రెయిన్లు ఫ్యుమోనిసిన్‌ను అధికంగా ఉత్పత్తి చేస్తవి. కాబట్టి రెండు పొలాలలో బూజు సమానంగా ఉన్నప్పటికీ, ఒకదానిలో థాప్సినమ్, మరొకదానిలో ప్రొలిఫెరేటమ్ ప్రబలమైనచో ఆ రెండు పొలాల గింజలు కలిగించే ప్రమాదం సమానం కాదు. థాప్సినమ్ ప్రబలిన గింజలో ఫ్యుమోనిసిన్ పరీక్ష ఫలితం తక్కువగా వచ్చినను మొనిలిఫార్మిన్ ఉండవచ్చును. ఏ విషానికి పరీక్ష చేయవలెనో నిర్ణయించుటకు జాతి నిర్ధారణ తోడ్పడుతుంది.

సూక్ష్మదర్శినితో మాత్రమే ఈ జాతులను వేరుచేయడం కష్టం. ప్రొలిఫెరేటమ్‌లో సిద్ధబీజాలనిచ్చే కణానికి ఒకటి కంటే ఎక్కువ రంధ్రాలుండటం వలన దానిని కొంతవరకు గుర్తించవచ్చును. థాప్సినమ్ మాత్రం వెర్టిసిల్లియోయిడిస్‌ను పూర్తిగా పోలి ఉంటుంది. కొన్ని థాప్సినమ్ స్ట్రెయిన్లు వర్ధనంలో పసుపు రంగునిచ్చినప్పటికీ అన్నిటిలో ఆ రంగు కనిపించదు. ఆండియాజిలో క్లామిడోస్పోరులను పోలిన ఉబ్బిన కణాలు ఏర్పడుతవి. వీటిని గుర్తించుటకు అనుభవం అవసరం.

శిలీంధ్ర జనాభాలో వైవిధ్యం ఏర్పడే విధానం

శిలీంధ్రాలు సిద్ధబీజాల ద్వారా అలైంగికంగా వ్యాపించినప్పుడు ఒకే జన్యురూపం గల క్లోన్లు విస్తరిస్తవి. లైంగిక సంయోగం జరిగినప్పుడు తల్లిదండ్రుల జన్యువులు కొత్త కలయికలలో బయటపడతవి. ఫుజికురోయి సంకీర్ణంలోని జాతులలో ఒకే స్థానంలో ఉండే రెండు సంపర్క రూపాలలో ఏదో ఒకటి ప్రతి స్ట్రెయిన్‌లోనూ ఉంటుంది. ఒక ప్రాంతంలో ఈ రెండు రూపాలూ దాదాపు సమాన నిష్పత్తిలో లభించినచో అక్కడ లైంగిక పునఃసంయోజనానికి అవకాశమున్నదని, ఒకే రూపం లభించినచో క్లోన్ వ్యాప్తి ప్రధానమని భావించవచ్చును. అయితే స్త్రీ బీజాంగాలను ఏర్పరచగల స్ట్రెయిన్ల శాతాన్ని కూడా పరీక్షించిన తరువాతనే తుది నిర్ణయానికి రావలెను.

శాకీయ అనుకూల సమూహాల పరీక్ష మరొక సాధనం. క్లోరేట్ మాధ్యమంలో నైట్రేటును వినియోగించుకోలేని ఉత్పరివర్తితాలను తయారుచేసి, రెండేసి స్ట్రెయిన్లను ఎదురెదురుగా పెంచుతారు. తంతువులు కలిసినచోట దట్టమైన పెరుగుదల కనిపించినచో అవి ఒకే సమూహానికి చెందినవి. వెర్టిసిల్లియోయిడిస్‌లో ఈ సమూహాల సంఖ్య చాలా ఎక్కువ. ఒకే పొలంలో, కొన్ని సందర్భాలలో ఒకే మొక్కలో కూడా, ఒకటి కంటే ఎక్కువ సమూహాలు లభిస్తవి. జిల్లాకు ఒకటి రెండు ఐసోలేట్లతో ఆ ప్రాంతపు శిలీంధ్ర జనాభాను అంచనా వేయడం ఎంత పొరపాటో దీనివలన తెలుస్తున్నది.

జనాభా కాలక్రమంలో మారుతుందనుటకు గోధుమలో కంకి ఎండు తెగులును కలిగించే ఫ్యుజేరియం గ్రామినేరమ్ ఉదాహరణ. ఈ జాతి ట్రైకోథెసిన్ వర్గపు విషాలను ఉత్పత్తి చేస్తుంది. ఏ రకపు విషాన్ని ఉత్పత్తి చేస్తుందనే దానిని బట్టి స్ట్రెయిన్లను రసాయన రూపాలుగా విభజిస్తారు. పశ్చిమ కెనడాలో 1998, 2004 సంవత్సరాల మధ్య 3-ఎసిటైల్ డీఆక్సినివలెనాల్ రూపం వాటా 14 రెట్లకు పైగా పెరిగినట్లు గుర్తించారు. ఒకసారి చేసిన సర్వే ఫలితం ఎప్పటికీ వర్తించదని, నిర్ణీత కాలవ్యవధిలో సర్వేలను మరల చేయవలసి ఉన్నదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

వైవిధ్యాన్ని కొలిచే పద్ధతులు

విద్యార్థులు ఇటువంటి అధ్యయనాలు చేపట్టినప్పుడు పని క్రమం ఈ విధంగా ఉండవలెను.

1. నమూనా సేకరణ: పొలాలను యాదృచ్ఛికంగా ఎన్నుకొని, ప్రతి పొలం నుండి అనేక కంకులను సేకరించవలెను. బూజు కనిపించిన కంకులతో పాటు ఆరోగ్యంగా కనిపించే కంకులను కూడా తీసుకొనవలెను. బూజుపట్టిన వాటిని మాత్రమే ఏరినచో లక్షణాలు చూపని స్ట్రెయిన్లు లెక్కలోనికి రావు.

2. ఏక సిద్ధబీజ వర్ధనం: ఒకే గింజలో రెండు మూడు జాతులు ఉండవచ్చును. ప్రతి వర్ధనాన్ని ఒకే సిద్ధబీజం నుండి పెంచని పక్షంలో తరువాతి ఫలితాలన్నీ మిశ్రమ ఫలితాలే అవుతవి.

3. జాతి నిర్ధారణ: శిలీంధ్రాలలో విరివిగా వాడే ఐ.టి.ఎస్. ప్రాంతం ఈ సంకీర్ణానికి సరిపోదు. సమీప జాతుల మధ్య దానిలో తేడా స్వల్పం. పైగా ఒకే శిలీంధ్రంలో రెండు రకాల ఐ.టి.ఎస్.2 ప్రతులు ఉండటం వలన వంశవృక్షం తప్పుదారి పట్టవచ్చును. ట్రాన్స్‌లేషన్ ఎలాంగేషన్ ఫాక్టర్ 1-ఆల్ఫా జన్యువును ప్రధానంగా తీసుకొని, బీటా ట్యూబులిన్, కాల్మోడ్యులిన్, ఆర్.పి.బి.2 వంటి జన్యువులతో ఫలితాన్ని ధ్రువీకరించుకొనవలెను.

4. జాతి లోపలి వైవిధ్యం: ఎ.ఎఫ్.ఎల్.పి., మైక్రోసాటిలైట్ గుర్తులు, నేటి పూర్తి జన్యురాశి వరుసక్రమ పద్ధతులు ఇందుకు ఉపయోగపడతవి. ఒకే క్లోన్‌కు చెందిన ఐసోలేట్లను ఒకటిగా లెక్కించి విశ్లేషణను మరొకసారి చేసిన తరువాతనే పునఃసంయోజనం గురించి నిర్ణయించవలెను.

5. విషోత్పత్తి: విషజన్యువుల ఉనికిని పి.సి.ఆర్. ద్వారాను, విషం పరిమాణాన్ని ఎలైజా లేదా ద్రవ క్రొమటోగ్రఫీ ద్వారాను నిర్ణయించి రెండింటినీ పోల్చవలెను. జన్యువు ఉండి విషం లేని స్ట్రెయిన్లను తిరిగి పరీక్షించవలెను.

వైవిధ్యమే నియంత్రణకు సాధనం

ఆఫ్లటాక్సిన్‌ను ఉత్పత్తి చేసే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రంపై జరిగిన పరిశోధనలు జన్యు వైవిధ్య జ్ఞానాన్ని నియంత్రణకు ఉపయోగించిన తీరును చూపుతున్నవి. 2004లో కెన్యాలో కలుషిత మొక్కజొన్న తిని 317 మంది అస్వస్థులు కాగా 125 మంది మరణించారు. అక్కడి మొక్కజొన్నను పరీక్షించగా, చిన్న స్క్లెరోషియాలను ఏర్పరచే, అధికంగా విషాన్నిచ్చే ఎస్ రకం శిలీంధ్రం ప్రబలంగా ఉన్నట్లు తేలినది. ఆ ప్రాంతపు శిలీంధ్ర జనాభాను రకాల వారీగా విభజించి చూడనిదే ఈ కారణం బయటపడేది కాదు.

ఇదే జాతిలో విషాన్ని ఉత్పత్తి చేయని సహజ స్ట్రెయిన్లు కూడా ఉన్నవి. అమెరికాలో వాడుకలో ఉన్న ఎ.ఎఫ్.36 అనే స్ట్రెయిన్‌లో పాలీకీటైడ్ సింథేజ్ జన్యువులోని ఒకే ఒక మార్పు వలన విషోత్పత్తి నిలిచిపోయినది. మరొక వాణిజ్య స్ట్రెయిన్‌లో ఆఫ్లటాక్సిన్ జన్యు సముదాయం మొత్తం లోపించినది. ఇటువంటి స్ట్రెయిన్లను మొలకెత్తకుండా చేసిన గింజలపై పట్టించి పొలంలో చల్లినప్పుడు అవి విషకారక స్ట్రెయిన్ల స్థానాన్ని ఆక్రమించి గింజలో విషాన్ని తగ్గిస్తవి. నైజీరియాలో అఫ్లాసేఫ్ పేరుతో రూపొందిన ఉత్పత్తిలో ఆ దేశపు నేలల నుండి ఎన్నుకొన్న నాలుగు విషరహిత స్ట్రెయిన్లను జొన్న గింజలపై పట్టించి వాడుతున్నారు. స్థానిక వైవిధ్యంపై సర్వే జరగనిదే ఇటువంటి ఎంపిక సాధ్యం కాదు. విడుదల చేసే స్ట్రెయిన్ లైంగిక సంయోగం ద్వారా విషజన్యువులను తిరిగి పొందే అవకాశాన్ని కూడా ముందుగానే పరిశీలించవలసి ఉంటుంది.

విస్తరణ కార్యక్రమాలకు అన్వయం

పై అంశాల ఆధారంగా విస్తరణ శాస్త్రవేత్తలు దృష్టి సారించవలసిన విషయాలు ఇవి.

మొదటిది, కోత సమయం. జొన్నలో గింజ అడుగుభాగాన నల్లని చార ఏర్పడటం పక్వతకు సూచన. ఆ దశలో కోసి వెంటనే ఆరబెట్టినచో పొలంలో వానకు తడిసే కాలం తగ్గుతుంది. వానాకాలపు జొన్నలో పక్వదశ వర్షాలు తగ్గిన తరువాత వచ్చే విధంగా రకాన్ని, విత్తే సమయాన్ని ఎంచుకొనవలెను.

రెండవది, పురుగుల నివారణ. కాండం తొలుచు పురుగు, కత్తెర పురుగు వంటివి కంకిని గాయపరచినచోట ఫ్యుజేరియం సులభంగా ప్రవేశిస్తుంది. పురుగుల యాజమాన్యం శిలీంధ్ర విషాల యాజమాన్యంలో భాగమేనని రైతులకు తెలియజేయవలెను.

మూడవది, ఆరబెట్టడం, నిల్వ. ఫ్యుజేరియం ముఖ్యంగా పొలంలో, అధిక తేమ గల గింజపై పెరుగుతుంది. గింజలో తేమను 12 శాతానికి తగ్గించినచో కొత్తగా విషం తయారుకావడం ఆగుతుంది. అయితే అప్పటికే తయారైన ఫ్యుమోనిసిన్ ఎండకు గాని, సాధారణ వంట వేడికి గాని పూర్తిగా నశించదు. బూజును దులిపి, కడిగి, ఎండబెట్టిన గింజ సురక్షితమైనదనే నమ్మకం సరైనది కాదు.

నాల్గవది, గింజను వేరుచేయడం. విరిగిన, ముడుచుకొన్న, రంగుమారిన గింజలను ఏరివేయడం, ఉప్పునీటిలో తేలే గింజలను తొలగించడం, పైపొట్టును తీసివేయడం ఫ్యుమోనిసిన్ పరిమాణాన్ని తగ్గిస్తవి. తీసివేసిన భాగంలోనే విషం అధికంగా ఉంటుంది కాబట్టి దానిని పశువులకు, కోళ్ళకు మేతగా వేయరాదు. ముఖ్యంగా గుర్రాలకు, పందులకు బూజుపట్టిన మొక్కజొన్నను ఏ పరిస్థితిలోనూ పెట్టరాదు.

ఐదవది, నిరోధక రకాల పరీక్ష. ఒకే ఐసోలేట్‌తో కృత్రిమంగా తెగులు సోకించి నిరోధకతను నిర్ణయించే పద్ధతికి పరిమితులున్నవి. ఆయా మండలాలలో ప్రబలంగా ఉన్న జాతులకు, స్ట్రెయిన్లకు ప్రాతినిధ్యం వహించే ఐసోలేట్లను ఎన్నుకొని పరీక్షించవలెను. ఈ ఐసోలేట్ల సేకరణను నిర్ణీత కాలవ్యవధిలో కొత్త సర్వేలతో నవీకరించవలెను.

ముగింపు

1995లో దక్కను గ్రామాల ప్రజలు తిన్నది బూజుపట్టిన గింజ అని కంటితో చూసి చెప్పవచ్చును. అందులో ఏ విషం ఎంత ఉన్నదో రసాయన పరీక్ష తరువాతనే తెలిసినది. ఏ గింజ ప్రమాదకరమో ముందుగానే చెప్పగలగవలెనన్న ఆ ప్రాంతపు శిలీంధ్ర జాతులు, వాటి విషజన్యువుల వివరాలు అందుబాటులో ఉండవలెను. జాతుల వైవిధ్యం తెలిసినచో ఏ విషానికి పరీక్ష చేయవలెనో నిర్ణయించవచ్చును. స్ట్రెయిన్ల వైవిధ్యం తెలిసినచో నిరోధక రకాల పరీక్షకు తగిన ఐసోలేట్లను, భవిష్యత్తులో జీవనియంత్రణకు తగిన విషరహిత స్ట్రెయిన్లను ఎన్నుకొనవచ్చును.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలలోని తెగుళ్ళ విభాగాలు, జన్యుశాస్త్ర విభాగాలు, గృహ విజ్ఞాన, పశువైద్య కళాశాలలు ఈ పనిని ఉమ్మడిగా చేపట్టుటకు అవకాశమున్నది. వానాకాలపు జొన్న, మొక్కజొన్న సాగయ్యే మండలాలలో ప్రతి కొన్ని సంవత్సరాలకు ఒకసారి జాతుల సర్వేను, కోత సమయంలో వర్షాలు కురిసిన సంవత్సరాలలో గింజలో విషాల పరీక్షను నిర్వహించినచో, తడిసిన గింజను చేతపట్టుకొని సలహా కోరి వచ్చే రైతుకు ఆధారంతో కూడిన సమాధానం చెప్పుట సాధ్యమవుతుంది.